పడవ వస్తదన్న కబురు

డాబా మీద యాంటెనా కట్టిన ఆ పొడుగాటి ఇనుప గొట్టం ఎందుకని ఎవరడిగినా జితేందర్ ఒకటే చెప్పేవాడు: "వరదలొస్తే ఫోన్లు పనిచెయ్యవు. గప్పుడు మా హ్యామ్ రేడియోనే దిక్కు." సూర్యాపేటలో ఇల్లు కిరాయికిచ్చిన భాస్కర్‌కూ అదే చెప్పి ఒప్పించాడు. తల్లి ఆండాలుకూ అదే చెప్పాడు. నిజానికి ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి గొంతు గరగరల నడుమ నుంచి వినపడితే అతనికి సంతోషం. కానీ గొర్రెలు కాసుకునే ఇంట్లో మొదటి డిగ్రీ అతనిది. ఉత్త సంతోషం కోసం ఇంత సామాను కొన్నానని చెప్పడానికి నోరు రాలేదు.

కోదాడలో దేవిక, మిర్యాలగూడలో పవన్ కూడా లైసెన్సున్నవాళ్లే. ప్రతి ఆదివారం ముగ్గురూ వరద వచ్చినట్టు సాధన చేసేవారు. ఫలానా చోట మనుషులు చిక్కుకున్నారని దేవిక రేడియోలో చెప్పేది. జితేందర్ ఇది సాధనేనని ముందే చెప్పి సహాయ కేంద్రానికి ఫోన్ చేసేవాడు. "అందింది సార్, పడవ పంపుతున్నం" అనేవాడు అక్కడి ఉద్యోగి. ఆ మాట తిరిగి దేవికకు చేరితే సాధన ముగిసినట్టు. ప్రతిసారీ చేరింది.

ఆ ఏడు తెరిపి లేకుండా వాన పట్టింది. కోదాడ వైపు ఫోన్లు మూగబోయాయి. జితేందర్ మేనమామ తిరుపతి మందతో అటే ఉన్నాడు. ఎరువు కోసం రైతులు తమ చేలలో గొర్రెలను రాత్రిళ్లు పడుకోబెట్టించుకుంటారు. ఈసారి పిలిచిన రైతు చేను వాగు పక్కన ఉంది.

పొద్దున్నే దేవిక గొంతు వచ్చింది. మామ సంగతి జితేందర్ ముందు రోజే రేడియోలో చెప్పి ఉండటంతో, బ్యాటరీని, రేడియోను ఆటోలో వేసుకుని వాగు గట్టుకు వెళ్లిందట.

"జితేందర్ గారూ, ఇది సాధన కాదండి. మీ మామయ్య మెరక మీద గొర్రెల మధ్య ఉన్నాడు. చుట్టూ నీళ్లు. పాలు పోసే ఈదయ్య గట్టు మీది తుమ్మచెట్టుకు తాడు కట్టి కొస ఆయన వైపు విసిరాడు. నీళ్లింకా నడుం దాకానే ఉన్నాయి. మీ మామయ్యే గొర్రెల్ని వదిలి రానంటున్నాడు."

"మొండోడండి మా మామ. ఆగుండ్రి, ఫోన్ చేస్త."

జితేందర్ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు. "అందింది సార్, పడవ పంపుతున్నం." గొంతు అదే, మాట అదే.

దేవికకు చెప్పాడు.

"ఈదయ్య తిట్టగా తిట్టగా కాస్త మెత్తబడ్డాడండి," అంది దేవిక. "గట్టిగా అంటే తాడు పట్టుకుని వచ్చేట్టున్నాడు. రమ్మనమంటారా?"

జితేందర్ ఆలోచించాడు. నడుం లోతే అయినా వాగు వాగే. కాలు జారితే అంతే. ఆఫీసు వాళ్లే పంపుతున్నామన్నాక ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకు?

"వద్దు. పడవ వస్తది. గాడనే ఉండమనండి."

ఈదయ్య గట్టు మీది నుంచి అరిచి చెప్పాడు. తిరుపతి సరేనన్నట్టు చెయ్యెత్తి, గొంగడి కప్పుకుని కూర్చున్నాడని దేవిక చెప్పింది.

మధ్యాహ్నానికి నీళ్లు ఛాతీ లోతయ్యాయి. పడవ రాలేదు. జితేందర్ మళ్లీ ఫోన్ చేశాడు.

"పేరు రాసుకున్నం సార్. ఉన్న పడవలన్నీ వేరే ఊర్లల్ల ఉన్నయ్."

"పొద్దున పంపుతున్నమన్నరు కద?"

"ఎవ్వరు చేసినా గట్లనే చెప్తం సార్. లేకుంటే జనం పరేషానైతరు."

జితేందర్ మైకు నొక్కాడు. "మేడం, పడవ లేదు. మామను తాడు పట్టుకొని రమ్మనండి."

గరగరల నడుమ నుంచి దేవిక గొంతు వచ్చింది.

"తుమ్మచెట్టు తాడుతో సహా కొట్టుకుపోయిందండి. పడవ ఎంత దూరంలో ఉందని మీ మామయ్య అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?"

కోదాడ రోడ్డు తెగిపోయి ఉంది. చెప్పడానికి తన దగ్గర మాట తప్ప ఇంకేమీ లేదు.

"వస్తున్నదనే చెప్పండి," అన్నాడు జితేందర్.

నీళ్లు తీశాక తిరుపతి శవం కింది ఊరి తూము దగ్గర దొరికింది. గొర్రెలు కొన్ని ఈదుకుని బయటపడ్డాయి.

దినాలు కాకముందే పవన్ ఫోన్ చేశాడు. "అన్నా, పేపరోళ్లు నీ ఫోటో అడుగుతుండ్రు. ఫోన్లు ఖతమైనా మన రేడియో పనిచేసింది కద. ఇగ మనల్ని ఎందుకని ఎవ్వడడగడు."

"ఏం రాయొద్దని చెప్పు."

"మామ పోయిండు, నాకూ బాధే అన్నా. అయినా కబురైతే చేరింది కద."

ఫోటో లేకుండానే వార్త వేశారు. భాస్కర్ ఆ పేపరు పట్టుకుని వచ్చాడు. "పుణ్యమైన పనే చేసినవ్ సారూ. ఇగ ఎన్నేండ్లైనా ఉండనీ నీ గొట్టం," అని జితేందర్ భుజం తట్టి పోయాడు.

ఆండాలు గోడకు ఆనుకుని కూర్చుని ఇదంతా వింటోంది. అతను వెళ్లాక కొడుకును దగ్గరకు పిలిచింది.

"పేపర్ల ఏం రాసిండ్రో నాకు తెల్వదు. గా పడవ యాడిదాంక వచ్చిందిరా?"

జితేందర్ తల్లి మొహం వైపు చూడలేకపోయాడు.

"తొవ్వల ఉండెనమ్మా," అన్నాడు.