నీలిరంగు పడవ గుర్తు

గోపాలస్వామిని కట్టుకున్నాక రమణమ్మకు అడగని ఊళ్లన్నీ చూసే భాగ్యం కలిగింది. ఆయన ఎవరినీ దారి అడగడు. తిరుత్తణి పోదామని బయల్దేరదీసి ఆర్కాటు చూపించిన మనిషి. పుంగనూరు బజారులో బట్టల కొట్టు నడిపేవాడు దారినపోయే వాళ్లను అడిగితే పరువేం కావాలి?

డెబ్బై ఎనిమిది వేసవిలో ఆయన తల్లి వెంకటమ్మ, "సముద్రం సూడకుండానే పోతానేమోరా" అంది. అంతే, కుప్పంలో రైలెక్కించి అత్తాకోడళ్లిద్దరినీ పాండిచ్చేరికి తీసుకుపోయాడు. చిన్న ఊరే గానీ సందడి పెద్దది. ఎర్రటోపీల పోలీసులు, పసుపుపచ్చ గోడలు, గీత గీసినట్టు వీధులు. ఏ వీధిలోకి తిరిగినా ఇందాకే వచ్చినట్టుండేది. ఒకే కాఫీ హోటలు మళ్లీ మళ్లీ ఎదురయ్యేసరికి, "ఈ ఊర్లో హోటళ్లన్నీ ఒకే మాదిరి కట్టినారే" అని తేల్చేశాడు.

మరునాడు బస్సెక్కి ఊరిబయట పల్లెకు పోయారు. కొబ్బరితోటలు దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లే నీళ్లు. వెంకటమ్మకు కాళ్లు లాగాయి. ఒడ్డునున్న నీలిరంగు పడవ నీడలో ఆమెను కూర్చోబెట్టి, "ఈడే ఉండమ్మా, టీ తెస్తాం. పడవ గుర్తు" అన్నాడు గోపాలస్వామి. రమణమ్మకూ అది సబబుగానే తోచింది. వాళ్ల వైపు గుర్తులంటే కొండగుండ్లూ చింతచెట్లూ. పొద్దున ఉన్నవి సాయంత్రానికీ ఉంటాయి.

టీ గ్లాసుతో తిరిగొస్తే పడవ లేదు. తల్లీ లేదు.

"మనమే వేరే చోటికి వచ్చినాం" అన్నాడు.

ఎడమకు నడిచారు. నీలి పడవ ఒకటి కనబడింది, దాని కింద కుక్క పడుకోనుంది. కుడికి పరిగెత్తారు. అక్కడన్నీ నీలివే. రమణమ్మకు ఏది ఎటో తెలీలేదు.

"ఎవరినైనా అడగండి!"

"యాల? ఎతుకుతా ఉండాను గదా!"

అంటూనే ఇందాక చూసిన పడవ కిందికే మళ్లీ వంగి చూశాడు. రమణమ్మ ఇక ఆగలేదు. చేపలు ఎండబెడుతున్న ఒకావిడను, వచ్చీరాని అరవంలో అడిగింది, ఇక్కడుండిన పడవ ఏమైందని. ఆమె చెయ్యెత్తి సముద్రంలోకి చూపించింది. దూరాన అలల మీద చిన్న నీలి చుక్క.

గోపాలస్వామి చెప్పులతోనే నీళ్లలోకి దిగిపోయాడు. "అమ్మా! ఓ అమ్మా! యాడికి తీసకపోతాండారే నిన్ను!"

"ఒరే, ఆడెవుర్ని పిలస్తాండావు?"

వెనక, వలలు బాగుచేసే పాకలో వెంకటమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. "చేపల ఏటకు పోవాల, లెయ్యవ్వా అన్నారు. లేసినా. వాళ్ల పడవరా అది, మనింటి అరుగనుకుంటివా?"

గోపాలస్వామి తడిసిన పంచెతో వచ్చి తల్లి పక్కన కూలబడ్డాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత పెళ్లాం వైపు చూడకుండానే, ఆమెకు వినపడేంత గట్టిగా అన్నాడు.

"తప్పు నాదేలే. ముందే అడిగుండాల్సింది."