మధ్యాహ్నపు కూత

జూట్ మిల్లులో అన్నాల వేళ అయిపోయిందని చెప్పే మధ్యాహ్నపు సైరను కూత ఆలస్యమవుతోందని పనివాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు. ఎందుకు చేస్తారు? కాళ్ల దగ్గరికొచ్చిన లక్ష్మిని ఎవరైనా కాలదన్నుకుంటారా? అన్నాలు తిని గోనెల మీద వాలిన ఆడవాళ్లకి ఇంకో కునుకు దొరుకుతోంది. రేకుల సందుల్లోంచి ఎండ జారి, నార దుమ్ములో మెల్లగా తేలుతుంటే, అంతమందీ ఒకే ఊపిరిగా నిద్రపోయేవారు. వాళ్లలో అనూరాధ తల్లి కూర్మమ్మ ఒకతి.

అనూరాధ అదే మిల్లు ఆఫీసులో కంప్యూటర్లు చూస్తుంది. ఇప్పుడు కూత వేసేది మనిషి కాదు, కంప్యూటరు. అదీ సొంత ఒళ్లున్నది కాదు; ఒక పెద్ద మిషను లోపల అద్దెకున్నట్టుండే వర్చువల్ మిషను. గేటు కాపలా ఎర్రన్న రోజూ పొద్దున్నే తన చేతిగడియారం చూసి చెబితే, ఆఫీసులో దాని టైము సరిచేసేవారు. మధ్యాహ్నానికి అది మళ్లీ వెనకబడేది.

కూర్మమ్మ మాత్రం ఆ ఆలస్యం అలాగే ఉండాలని మొక్కుకునేది. ఆమధ్య ఒక మధ్యాహ్నం ఆమె ఇంట్లో కునుకు తీస్తుండగా, పక్కనే భర్త అప్పలసూరి ప్రాణం పోయింది. తనని లేపకుండా పోయాడన్న కోపం ఆమెకింకా చల్లారలేదు. ఇప్పుడు మిల్లు నిద్రలో ఆయన వస్తున్నాడు.

"గుమ్మం కాడ కాల్లు కడుక్కోని నా పక్కన కూసుంటాడే. ఏటో సెప్పబోతాడు, అప్పుడే కూత. ఇంకొంచెం ఆలీసమైతే సెప్పేస్తాడు," అంది కూతురితో.

ఆ మాట విన్నాక, ఆ ఆలస్యాన్ని బాగుచెయ్యడానికి అనూరాధకి మనసొప్పలేదు. కానీ మధ్యాహ్నం పోయిన టైము సాయంత్రం కూతని కూడా వెనక్కి లాగేది. ఆడవాళ్లు ఆమదాలవలస పాసింజరు కోసం పరుగులు పెట్టేవారు. కదిలే రైలెక్కబోయి వాళ్లలో చిన్నతల్లి అనే ఆమె పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఇంక ఊరుకుంటే పాపం.

మొదట, టైముని మధ్యమధ్యలో ముందుకు తోసేట్టు పెట్టింది. అది కూత వేళని ఒక్క గెంతులో దాటేసింది. ఆ మధ్యాహ్నం కూతే రాలేదు. మేస్త్రీ వచ్చి కసురుకునేదాకా అందరూ పడుకునే ఉన్నారు. అంతసేపు దొరికినా అప్పలసూరి నోరు విప్పలేదట, ఊరికే కూర్చున్నాడట.

వెతగ్గా వెతగ్గా అసలు సంగతి దొరికింది. మధ్యాహ్నం అదే పెద్ద మిషనులో ఆఫీసు పనులు జోరందుకుంటాయి, కూత వేసే మిషనుకి వంతు రాదు. వంతు రాని క్షణాలని అది లెక్కపెట్టదు. నిద్రపోయానని దానికి తెలియనే తెలియదు. ఆగిన చోటి నుంచే కాలం మొదలుపెడుతుంది. అనూరాధకి దాని మీద జాలేసింది. సొంత లెక్క మానేసి పెద్ద మిషను గడియారాన్నే చూసుకునేట్టు మార్చింది. మార్చాక, నాన్నని తన చేతులతోనే గెంటేసినట్టు ఏడుపొచ్చింది.

మర్నాడు కూత వేళకే కూసింది. సాయంత్రం రైల్లో కిటికీ పక్కన తీరిగ్గా కూర్చున్న తల్లిని, భయపడుతూనే అడిగింది, నాన్న వచ్చాడా అని.

కూర్మమ్మ బయట తడి మళ్ల వైపు చూసింది.

"వచ్చినాడు. కూసోనేదు. బుజం తట్టి, లెగవే కూర్మీ, కూతకి ఏలైపోనాది అన్నాడు. నేను లెగిసినాకే కూత వచ్చినాది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఈపాలి లేపినాడే."

అది నిజంగా వచ్చిన కలో, కూతురి కోసం అల్లిన కలో అనూరాధ అడగలేదు. తల్లి భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది.