ఒక్క చుక్క పసుపు

రెండు చుక్కలైతే అందరికీ తెలిసిపోతుంది, ఒక్క చుక్కైతే ఆయనొక్కడికే తెలుస్తుంది, తన అంచనా తప్పలేదు గదా అనుకుంటూనే వినోద చక్రాల కుర్చీని పోర్టికోలోకి తోసింది, గడప దగ్గర చక్రం తగిలి వెంకట్రాజం తల ఓ పక్కకు ఊగింది, కుడిచెయ్యి ఒళ్లోంచి జారి వేలాడింది, ఆమె ఆ చేతిని తీసి, బియ్యం సంచి మూతి మడిచినట్టు, మళ్లీ ఒళ్లో పెట్టింది, మొగుడి చెయ్యి, పప్పు రంగు తేలిపోయిందని ఎన్నిసార్లో కంచం నెట్టేసిన చెయ్యి, ఇప్పుడు బరువు తప్ప అందులో ఇంకేమీ లేదు, మాట కూడా పడిపోయింది, ఊ, ఆఁ, అంతే, ఇంకాసేపట్లో మట్టెవాడ షెడ్డు నుంచి మెకానిక్ ఖాజా పాషా కారు తోలుకొస్తాడు, పాత రంగంతా గీకించుకుని, దొరకని సామాన్లు వెతికించుకుని వస్తుంది ఈయన పాత ఫియట్, ఈయన ప్రాణం, పక్షవాతం వచ్చిన రోజు కూడా దాని కిందే దూరి ఏదో బోల్టు తిప్పుతున్నాడు, అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే పనిచేసే ఎడమచెయ్యిని కారు వైపే చాపాడు, పక్కనే ఏడుస్తూ నిలబడ్డ పెళ్లాం వైపు కాదు, సుబేదారి గల్లీ అంతా చూసింది.

మెట్ల మీద కూర్చుని భద్రమ్మ నిమ్మకాయలు తుడుస్తోంది, ఆయన అక్క, కారు వస్తుందని తెలిసి పొద్దున్నే దిగిపోయింది, నీ అసొంటి పెండ్లాం ఎవ్వలికి దొరుకుతది వినోదా, మొగడు మూలకువడ్డా వాని కారును ముస్తాబు చేపిస్తానవ్, నా తమ్ముని నసీబు, అంటోంది, నాదేముంది వదినె, ఆయన కోరిక, అని వినోద తల వంచుకుంది, ఆ కారులో ముందు సీటు ఎప్పుడూ ఈ వదినెదే, వినోద కారెక్కాలంటే ముందు గాజులు తీయాలి, తలుపుకు గీతలు పడతాయని పెళ్లయిన కొత్తలోనే ఆయన పెట్టిన రూలు, వాకిట్లో నిలబడి ఒక్కో గాజూ తీసి కొంగున ముడేసుకుని బోసి చేతులతో వెనక సీట్లో కూర్చోవాలి, అమ్మ ఒకసారి చూసి, మొగడు బతికుండంగ గిదేంది బిడ్డా అని గోడ దిక్కు తిరిగి ఏడ్చింది, మేడారం జాతరకు వెళ్లిన ఏడాది సమ్మక్కకు మొక్కిన బెల్లం ఎండకు కరిగి సంచిలోంచి సీటు మీదికి కారింది, తాడ్వాయి దాటాక అడవిలో కారాపి, దిగు, నీ బెల్లం వట్టుకొని బస్సుల రా, అన్నాడు, భద్రమ్మ వెనక్కి తిరిగి కూడా చూడలేదు, బస్సు దొరకలేదు, బెల్లం నెత్తిన పెట్టుకుని జనంలో పడి నడుస్తుంటే ఎవరో ముసలామె ఆ బోసి చేతులు చూసి, గింత చిన్న వయసుల మొగడు పోయిండా బిడ్డా అని పక్కకు జరిగి దారిచ్చింది, అప్పుడు వినోద కాదనలేదు, ఔనవ్వా అంది, ఆ మాట ఎందుకన్నదో ఇప్పటికీ తెలియదు గానీ, అన్నాక నెత్తి మీద బెల్లం తేలికైంది.

నా కన్ను బంగారం తూచే తక్కెడ అసొంటిది, ఇసుమంత తేడా వచ్చినా పట్టుకుంటది, అని వెంకట్రాజం వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు, నిజమే అనేవాళ్లు వాళ్లు కూడా, గోడకు వేసిన సున్నంలో నీలిమందు ఎక్కువైందని మళ్లీ వేయించాడు, చారు నిన్నటి రంగులో లేదన్నాడు, ఆరేసిన తెల్లచొక్కాను ఎండకు పట్టుకుని, గిది తెలుపా, అవి కండ్లా గోలీలా, అన్నాడు, పక్కింటి హరికృష్ణ, ఆయన భార్య పద్మలత టీ తాగుతూ ఉండగా అన్నాడు, పద్మలత నవ్వాపుకోడానికి కప్పు మూతికి అడ్డం పెట్టుకుంది, అందుకే వినోద ఏది చేసినా ముందు ఆయన కన్నుతో చూడటం అలవాటు చేసుకుంది, ఉల్లిగడ్డ ఎర్రబడే క్షణం, ఉతికిన బట్ట అంచు వెలిసే క్షణం, అన్నీ ఆయన కన్ను కంటే ముందు తన కన్ను పట్టుకోవాలి, లేకపోతే ఆ పూట గడవదు.

ఆ కన్నులోనే నలుసు వేయాలని ఆమెకు ఎప్పుడు తోచిందంటే, ఆసుపత్రిలోనే తోచింది, డాక్టరు బయటికి పిలిచి, తెలివి బాగుందమ్మా, చూపు బాగుంది, అన్నీ అర్థమైతయి, మాట, నడక మాత్రం ఇక ఆశ పెట్టుకోవద్దు, అన్నాడు, అన్నీ చూస్తాడు, ఏమీ అనలేడు, కుర్చీ తనంతట తాను తిప్పుకోలేడు, ఆ మాట విని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంటే నర్సు వచ్చి వీపు నిమిరింది, పాపం ఏడుస్తోందనుకుంది, తర్వాత ఖాజా పాషా షెడ్డుకు వెళ్లి, సార్ కారు సార్ కోరినట్టే చెయ్యాలి పాషా అన్నది, పాషా పెట్రోలు మూత దగ్గరి చిన్న తలుపు విప్పి, దీని లోపటి దిక్కు ఎండ తాకలె అక్కా, అసలు రంగు గీడనే దొరుకుతది అని, దాన్ని పక్కన పెట్టుకుని వెన్నరంగు కలిపాడు, రేకు మీద రాసి ఎండలో ఆరబెట్టాడు, అచ్చం అదే రంగు, తల్లీపిల్లల్లా కలిసిపోయాయి, వినోద చూసి, ఒక్క చుక్క పసుపు వెయ్యి అంది, పాషా చెయ్యి ఆగింది, పసుపు గొడుతది అక్కా, సార్ మొకం మీద కొడుతడు, అన్నాడు, సార్ కు చూపించిన, సార్ కు గదే కావాలె, అంది, హెడ్‌లైట్ రింగులకు పాషా తమ్ముడు షకీల్ హైదరాబాదులో పాత బండ్లు విప్పి అమ్మే దుకాణాలన్నీ తిరిగాడు, ఒకటి సరైనది, సన్న అంచుది దొరికింది, రెండోది తర్వాతి మోడల్‌ది, అంచు వెడల్పు, జర ఆగుండ్రి అక్కా, జోడీది తెచ్చి ఇస్త, ఫికర్ చెయ్యకుండ్రి, అన్నాడు, వద్దు, గిదే బిగించు, అంది, బిగిస్తుంటే పక్కనే నిలబడి చూసింది, ఎడమదానికి వెడల్పు అంచు, పోర్టికోలో కుర్చీ వేస్తే సరిగ్గా ఎదురుగా వచ్చేది ఎడమదే, ఇక బతికినన్నాళ్లూ పొద్దున కూర్చోబెట్టిన చోట కూర్చుని దాన్నే చూడాలి, గొంతులో చేపముల్లులా, మింగలేడు, కక్కలేడు, చూసి చూసి ఒకరోజు తన వైపు తిరుగుతాడు, ఇది నువ్వే చేశావు అని ఆ కళ్లకు తెలుస్తుంది, ఆ ఒక్క చూపు చాలు, ఆ తర్వాత ఆయన ఎన్నాళ్లు బతికినా ఎత్తుతుంది, కడుగుతుంది, తినిపిస్తుంది.

హారన్ మోగింది, గేటు తీసింది, భద్రమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, కారు వాటిని చితక్కొడుతూ లోపలికి వచ్చి ఆగింది, వినోద ముంజేతి నిండా వేసుకున్న గాజులతో వెళ్లి డ్రైవరు తలుపు పట్టుకుని తీసింది, కావాలనే తలుపుకు గాజులు రాసింది, కొత్త రంగు మీద గాజుల చప్పుడు, వెనక్కి తిరిగి చూసింది, వెంకట్రాజం తన వైపు చూడటం లేదు, కారు ముందుభాగం చూస్తున్నాడు, ఆయన కంటికి దొరికింది, ఇప్పుడు, ఇప్పుడే, అనుకుంది, ఆయన మూతి ఎడమ సగం కదిలింది, పైకి లేచింది, నవ్వుతున్నాడు, కొంచెం ఆగింది, ఇంకా కనిపించలేదేమో, కుర్చీని ముందుకు తోసింది, బంపరుకు మోకాళ్లు తగిలేదాకా తోసింది, మంచిగుందా, అంది, ఆఁ, అన్నాడు, ఆయన ఎడమచెయ్యి పట్టుకుని చూపుడువేలును కుడి రింగు సన్న అంచు మీద గీసింది, తర్వాత ఎడమ రింగు వెడల్పు అంచు మీద గీసింది, చూడు, మంచిగ చూడు, రెండూ చూడు, వేలు నొప్పి పుట్టేట్టు నొక్కింది, ఆఁ, ఆఁ, అని ఆయన బొటనవేలు పైకెత్తి చూపించాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, సంతోషంతో, చూడే చూడే, నా తమ్ముడు ఎట్ల మురుస్తాండో, అని భద్రమ్మ ముక్కు తుడుచుకుంది, రోగం కన్నును కూడా తినేసిందా అని వినోద అనుకోబోయింది, అట్లా అనుకుంటే బాగుండేది, కానీ నిన్న సాయంత్రమే ఇదే కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో పేకాడి హరికృష్ణను ఓడించాడు.

వినోద వెనక్కి వచ్చి గేటు దగ్గర టీ ఇస్తుంటే ఖాజా పాషా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, ఇయ్యాల నా పాణం నిమ్మళమైంది అక్కా, సార్ ఏమంటడో అనుకున్న, పోయినసారి రంగేసినప్పుడు నీకు యాదికి లేదా, రెండుసార్లు డబ్బ వాపస్ పంపిండు, ఒకసారి ఎరుపు గొడుతాంది అన్నడు, ఒకసారి బూడిద గొడుతాంది అన్నడు, అని గొంతు తగ్గించి నవ్వాడు, మూడోసారి నేనేం కలపలె అక్కా, నీ మీదొట్టు, మొదటి డబ్బనే మూత తుడిచి తెచ్చిన, ఎండల పట్టుకొని చూసి, గిప్పుడు వచ్చిందిర బిడ్డా దారికి, నా కన్ను దప్పిచ్చుకొని పోతనుకున్నవా, అన్నడు, గిరాకీలు శానమంది గంతే అక్కా, నువ్వు మాత్రం సార్ కు చెప్పకు, అన్నాడు, వినోద ఖాళీ కప్పు చేతిలో పట్టుకుని నిలబడింది, ఆకుపచ్చ చీర గుర్తొచ్చింది, దానికి జాకెట్టు ముక్క తెస్తే కలవలేదని బస్సులో వెనక్కి పంపాడు, దుకాణంలో వేరే పచ్చ లేదమ్మా అంటే భయపడి అదే తానులోంచి ఇంకో ముక్క చింపించుకుని తెచ్చింది, ఆ, గిప్పుడు కలిసింది, అన్నాడు, ఆ రోజు దేవుడు కాపాడాడనుకుంది, లాంతరు వెలుగులో సరిగా చూడలేదేమో అనుకుంది, ఎన్ని సాకులు వెతికి ఆయన కన్నును నిలబెట్టింది, పప్పు, సున్నం, చొక్కాలు, ఏవీ తప్పుగా లేవు, ఏ తేడా ఏనాడూ ఆయనకు కనిపించలేదు, కాదనగానే తన ముఖంలో వచ్చే ఆ వణుకే కనిపించేది, దాన్ని చూడటానికే కాదనేవాడు, వెంట్రుకవాసి తేడా పట్టుకునే కన్ను ఈ ఇంట్లో ఒకటి ఉన్నమాట నిజమే, ఇన్నేళ్ల భయంతో అది మొలిచింది తనకు, కుర్చీలో ఆయన తల వాల్చి కునుకు తీస్తున్నాడు, కడుపు నిండిన పిల్లాడిలా, ఎదురుగా ఎండలో కారు నిలబడి ఉంది, ఒక రింగు సన్నం, ఒక రింగు వెడల్పు, వెన్నలో ఒక్క చుక్క పసుపు ఎక్కువ, రేపు ఇంటి తలుపు తీస్తే అది కంట్లో గుచ్చుకునేది తన ఒక్కదానికే.