సిద్ధమ్మ పాటల డిస్కు

శ్రీకాళహస్తిలో మైకుసెట్లు బాడుగకిచ్చే నరేంద్ర తల్లి సిద్ధమ్మకు గొంతులో పుండు లేచింది. వేలూరు డాక్టర్లు పరీక్షలన్నీ చేసి, ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నారు. ఆపరేషన్ తర్వాత అన్నం దిగుతుంది, మనిషి బతుకుతుంది. గొంతు మాత్రం ఉండదు.

సిద్ధమ్మ ఆ చుట్టుపక్కల పల్లెల్లో పేరున్న పాటగత్తె. నాట్లప్పుడూ పెండ్లిండ్లప్పుడూ, భారతం తిరునాళ్లు జరిగే రోజుల్లో ద్రౌపదమ్మ గుడి ముందరా ఆమె పాట ఉండాల్సిందే. ఆ పాటల్ని ఎవరూ రాసి పెట్టలేదు. ఆసుపత్రిలో చేరేలోగా వాటిని రికార్డు చెయ్యాలని నరేంద్ర మద్రాసు వెళ్లి మినీడిస్కు రికార్డరు కొన్నాడు. అది అప్పుడే కొత్తగా వస్తున్న సరుకు. డిస్కు అరచేతిలో ఇమిడిపోతుంది, క్యాసెట్టులాగా రొద చెయ్యదు. అంగడాయన స్టూడియోలవాళ్లు కొనే రకం కూడా చూపించాడు. పైకి రెండూ ఒకేలా ఉన్నాయి కానీ ధరలో పొంతనే లేదు. తేడా ఏమిటని అడిగితే, అది పనివాళ్లకు, ఇది ఇంటికి అని మాత్రం చెప్పాడు. నరేంద్ర ఇంటి రకమే తెచ్చుకున్నాడు.

ఆసుపత్రికి బయల్దేరడానికి ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం సిద్ధమ్మ గోడకు ఆనుకుని కూర్చుని పాడింది. బొంగురుపోయినప్పుడల్లా వేడినీళ్లు తాగి మళ్లీ అందుకుంది. ఆఖరి పాటలో ఉండగా కరెంటు పోయింది. అది తిరిగి వచ్చాక నరేంద్ర మీట నొక్కితే, డిస్కు ఖాళీగా ఉందని తెర మీద పడింది. తీసి మళ్లీ పెట్టినా అదే మాట.

ఆ సాయంత్రం సిద్ధమ్మ దగ్గితే ఎంగిట్లో నెత్తురు పడింది. ఆమెను ఇంకోసారి పాడమనే దారి లేదు.

"బాగా వచ్చిందా నాయనా?" అని అడిగిందామె.

"వచ్చింది మా," అన్నాడు నరేంద్ర.

"అయితే కోసుకోనీలే. నాకేం దిగులు లేదు."

నరేంద్ర పెరట్లోకి వెళ్లి నిలబడ్డాడు. భార్య భానుశ్రీ వెనకాలే వచ్చి సంగతి రాబట్టింది. తిరుపతిలో భక్తి పాటల క్యాసెట్లు చేసే త్రివిక్రమ్ దగ్గరికి తెల్లారగానే వెళ్లమనీ, అందాకా ఆ డిస్కును ఎవరూ తాకకుండా చూసుకొమ్మనీ చెప్పింది.

త్రివిక్రమ్ అయ్యంగార్ల పిల్లవాడు. స్టూడియో పెట్టి అయిదేళ్లయింది. నరేంద్ర మైకుసెట్లు ఆయనకు తెలిసినవే. డిస్కు తీసుకుని జరిగిందంతా విన్నాడు. పాట డిస్కులోనే ఉంటుందనీ, ఏది ఎక్కడుందో చెప్పే పట్టికను మాత్రం ఆ యంత్రం చివర్లో, ఆపు మీట నొక్కాకే రాస్తుందనీ వివరించాడు. కరెంటు పోవడంతో ఆ పట్టిక పడలేదు.

"మరి మీ దానికి ఆ తంటా లేదా సామీ?" అని నరేంద్ర అక్కడున్న స్టూడియో రకం యంత్రాన్ని చూపించాడు.

"మీ దాన్ని కరెంటు పోదనుకుని చేసినారు. దీన్ని పోతాదనుకునే చేసినారు," అన్నాడు త్రివిక్రమ్. "లోపల బ్యాటరీ ఉండాది, పట్టికను ఎప్పటికప్పుడు రాసుకుంటాది. పోయిన పట్టికను మళ్లీ రాయించే వీలు కూడా పెట్టినారు. ధరంతా దానికే అప్పా."

తన యంత్రంలో డిస్కు పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే పాట ఉన్నట్టు కొత్త పట్టిక రాయించి చూస్తానన్నాడు. చెయ్యి తప్పి పట్టిక చెరిపేసుకున్న తన డిస్కుల్ని ఇదివరకు అలాగే తిరిగి తెచ్చుకున్నాననీ, అయితే పొరపాటు జరిగితే ఉన్నది కూడా చెరిగిపోవచ్చనీ దాచకుండా చెప్పాడు. ఇలాగే వదిలేస్తే ఎటూ లేనట్టే కదా అనుకుని, కానిమ్మని నరేంద్ర తలూపాడు.

యంత్రం కాసేపు కిర్రుమని తిరిగి ఆగింది. త్రివిక్రమ్ మీట నొక్కాడు. మొదట ఏమీ లేదు. తర్వాత సన్నగా దగ్గు, చెంబు కింద పెట్టిన చప్పుడు, ఎక్కడో కోడి అరుపు. ఆ వెంటనే సిద్ధమ్మ నాట్లపాట ఎత్తుకుంది.

నరేంద్ర అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. కళ్లు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. పాటలన్నీ అయిపోయి, ఆఖరిది మధ్యలో తెగిపోయేదాకా ఇద్దరూ లేవకుండా విన్నారు. త్రివిక్రమ్ దాన్ని ఇంకో డిస్కులోకి ఎక్కించి, వేరుగా ఒక క్యాసెట్టు కూడా చేసిచ్చాడు. తిరుగు బస్సులో నరేంద్ర వాటిని ఒడిలో పెట్టుకుని, ఊరొచ్చేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. కండక్టరు తట్టి లేపాల్సి వచ్చింది.

వేలూరులో ఆపరేషన్ సక్రమంగా జరిగింది. జబ్బు ఇంకెక్కడికీ పాకలేదని డాక్టరు చెప్పాడు. కట్టు సడలించాక భానుశ్రీ అత్త చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. సిద్ధమ్మ కళ్లు మూసుకుని విన్నది. ఒకచోట చరణం ముందువెనకలయిందేమో, మూతి విరిచి, చప్పుడు లేకుండా నవ్వింది. పక్క మంచం మీది తమిళావిడ ఏమిటని సైగ చేసింది. సిద్ధమ్మ హెడ్‌ఫోన్లు తీసి, పాడేది తనేనన్నట్టు వేలితో తన గుండె మీద తట్టుకుని చూపించి, వాటిని ఆమె చేతికిచ్చింది.