ఆయాసానికి రెండు గడులు

ఆ వర్షాకాలంలో మధ్యాహ్నం రెండయ్యేసరికి మా మసాలా కొట్టులోకి యూరపు వచ్చేది. కొట్టు తలుపులు వేసే ఉండేవి. ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కింది, మార్చిలో ఫోన్లలో ఇంటర్నెట్ పోయింది, జూలైలో కరోనా రంగూన్‌లో ఇంటింటికీ వచ్చింది. మా అదృష్టం కొద్దీ కొట్టు గోడలోంచి వచ్చే వైరు కనెక్షన్ ఒకటి మిగిలింది. ధనియాల బస్తా మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే తెర మీద నాలుగు కిటికీలు తెరుచుకునేవి. లిస్బన్‌లో ఒక ఆసుపత్రి డాక్టరు, టాలిన్‌లో యాప్ తయారుచేసిన ఇంజినీరు, టురిన్‌లో ఒక నర్సు, గెంట్‌లో రోగుల సంఘం తరఫున ఒక పెద్దాయన. వాళ్ళకప్పుడు పొద్దున్న. గెంట్ పెద్దాయన ఇంటి ముందు నుంచి ట్రాము వెళ్ళినప్పుడల్లా ఆయన మొహం మీద ఎండ కదిలేది. మా వీధిలో వాన తప్ప ఏదీ కదలని రోజులవి. ఒక్కోసారి ఆ ట్రాము కోసమే మీటింగు తెరిచేదాన్ని.

ఆ నలుగురివీ నాలుగు దేశాలు. డాక్టర్లూ, ఇంజినీర్లూ, నర్సులూ, రోగులూ చేతులు కలిపితే ఎంత దూరాన్నుంచైనా ఫోన్‌లో వైద్యం అందించవచ్చని లోకానికి చూపించాలని వాళ్ళ పట్టుదల. ఇక్కడి డాక్టర్లు సైన్యం కింద పనిచేసేది లేదని సమ్మెకు దిగి, అరెస్టులకు భయపడి దాక్కున్నారు. అందుకని చూపించుకోవడానికి మా ఊరు దొరికింది. మంచివాళ్ళే, కాదనను. కాకపోతే ఒక బటన్ రంగు మార్చడానికి పదిహేను రోజులు చర్చించుకున్నారు. ఒకరు సరేనంటే ఇంకొకరు చిన్న సందేహం అనేవారు. చిన్న సందేహం అని వినపడగానే నేను లేచి టీ పెట్టుకునేదాన్ని. తాగడం అయిపోయేసరికి సందేహం ఇంకా సగంలోనే ఉండేది.

రోగ లక్షణాల పట్టికను తెలుగు చేయడం నా పని. చేశాక, రంగూన్ పేటలైన అహ్లోన్‌లోనూ చిమిండైంగ్‌లోనూ నది అవతల తన్లిన్‌లోనూ ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినదాన్ని బట్టి ఒక్కో గడిలో టిక్కు పెట్టడం. మన వాళ్ళు నాలుగు తరాలుగా బర్మా భాషలోనే బేరాలాడతారు, అందులోనే పోట్లాడుకుంటారు. జ్వరం నూటమూడు దాటితే మాత్రం తెలుగులోకి వచ్చేస్తారు. అందుకే నన్ను పెట్టుకున్నారు. టిక్కులన్నీ చూసి యాప్ ఆకుపచ్చ అంటే, నీళ్ళు బాగా తాగి పడుకోమని చెప్పాలి. ఎరుపు అంటే లిస్బన్ డాక్టరు గంటలో మాట్లాడతాడు, వంతు వస్తే ఆక్సిజన్ మిషను ఇంటికి వస్తుంది. ఊరు మొత్తానికీ ప్రాజెక్టుకున్నవి మూడే మిషన్లు.

కొట్టు పైగదిలో మా మావయ్య రామలింగం ఉండేవాడు. అహ్లోన్ రేవులో బియ్యం మిల్లు మేస్త్రీగా చేసి మానుకున్నాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే. పెళ్ళి చేసుకోనని నేనంటే, బంధువుల నోళ్ళన్నీ మూయించింది కూడా ఆయనే. జూలై నాలుగోవారంలో ఆయనకు జ్వరం తగిలింది. ఆ జ్వరంలో గది నదైపోయింది, మంచం పడవైపోయింది. కింద లాప్‌టాప్‌లోంచి వినపడే నాలుగు గొంతులూ లాంచీలో ప్రయాణికులవి అనుకున్నాడు. వాళ్ళు అహ్లోన్‌లో దిగుతారా, తన్లిన్ దాకా పోతారా అని అడిగాడు. తన్లిన్ దాకా అన్నాను. అయితే వానలో తడవకుండా లోపల కూర్చోమని చెప్పమన్నాడు. సరేనని మెట్లు దిగుతుంటే, కింద మెట్టు కనపడక, నిజంగానే నీళ్ళలో కాలు పెట్టబోతున్నట్టు చెప్పులు చేత్తో పట్టుకున్నాను.

ఎలా ఉంది మావయ్యా అని రోజూ అడిగేదాన్ని. ఆయాసంగా ఉందే అనేవాడు. కిందికి వచ్చి ఆయాసం గడిలో టిక్కు పెట్టేదాన్ని. ఆకుపచ్చ వచ్చేది. మూడు రోజులూ ఆకుపచ్చే వచ్చింది.

నాలుగో రోజు జావ పట్టుకుని వెళ్ళేసరికి, మంచం మీద కూర్చుని కిటికీ చువ్వలు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గుక్కెడు జావ మింగడానికి కూడా ఊపిరి ఆపలేకపోయాడు. గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి ముప్పైరెండు. నాకు ఒళ్ళు మండింది. ఇంత అవుతుంటే నోరు విప్పి చెప్పవేం అని గట్టిగానే కోప్పడ్డాను.

"సెప్పేను గదే పద్మినీ. ఆయాసం, ఆయాసం అని మూడ్రోజుల్నుంచీ అదే సెప్తన్నాను."

జావ గిన్నె కింద పెట్టేశాను. ఇంగ్లీషు పట్టికలో రెండు వేరు వేరు గడులున్నాయి. ఒకటి అలసటకు, ఒకటి ఊపిరి అందకపోవడానికి. బర్మా భాషలో రెంటికీ మోతె అని ఒకటే మాట. దాని పక్కన నూరేళ్ళు కాపురం చేసిన మన రంగూన్ తెలుగులోనూ అంతే. బస్తా మోసినా ఆయాసమే, ఊపిరితిత్తులు చెడినా ఆయాసమే. నేను అలసట గడి మీద ఆయాసం అని రాశాను. మన వాళ్ళ నోట్లో నలిగే మాట రాశానని మురిసిపోయాను కూడా. రెండో గడి మీద ఊపిరి ఆడుట లేదు అని పుస్తకంలో ఉన్నట్టు రాశాను. మనిషిని మంచం మీంచి దించే వేళ తప్ప ఆ మాట మన ఇళ్ళలో ఎవరూ పైకి అనరు. మూడు వారాల్లో ఒక్కరూ అనలేదు.

నేను మంచిదాన్నని చెప్పుకోవడం లేదు. కిందికి దిగి చేసిన మొదటి పని, మావయ్య పేరు ఎదురుగా ఆ రెండో గడి నొక్కడం. ఎరుపు వచ్చింది. చిమిండైంగ్‌లో ఒక ఇంట్లో ఆ రోజే ఖాళీ అయిన మిషను సాయంత్రం అయిదింటికి మా ఇంటికని తెర మీద పడింది. హమ్మయ్య అనుకుని ధనియాల బస్తాకు తల ఆనించాను. అంతలో రెండు కొట్టింది, నాలుగు కిటికీలూ తెరుచుకున్నాయి.

లిస్బన్ డాక్టరు ఆ రోజు చాలా ఉత్సాహంగా ఉన్నాడు. మిగతా భాషల్లో నలుగురిలో ఒకరికి ఎరుపు వస్తుంటే, తెలుగు పట్టికలో మూడు వారాలకూ కలిపి ఒక్కటే ఎరుపట, అదీ ఇవాళ్టిదట. మన వాళ్ళు ముందే ఫోన్‌లో సలహా తీసుకుని జాగ్రత్తపడుతున్నారని, సహకారమంటే ఇదేనని అన్నాడు. అక్టోబరులో అన్ని దేశాల వాళ్ళూ వచ్చే సభలో మా పట్టికనే చూపిస్తారట. టురిన్ నర్సు చప్పట్లు కొట్టింది. గెంట్ పెద్దాయన చేతులు జోడించి నమస్కారం పెట్టాడు, ఎక్కడ నేర్చుకున్నాడో. ఆయన ఇంటి ముందు ట్రాము వెళ్ళి, ఎండ కదిలింది. ఆ ఎండ నా మొహం మీద కూడా పడి వెచ్చగా అనిపించింది. నోరు మూసుకుంటే చాలు, అయిదింటికి మిషను వస్తుంది.

ఆ వెచ్చదనంలోనే పట్టిక మళ్ళీ తెరిచాను. ఆయాసం గడిలో నేను టిక్కు పెట్టిన పేర్లు, మావయ్యది కాక, ఇంకా పదకొండున్నాయి. ఆ పదకొండు గొంతులూ నాకు తెలుసు.

"మావాళ్ళు బాగుండి కాదు," అన్నాను. "మాట నేను తప్పు రాశాను."

బటన్ రంగుకు పదిహేను రోజులు పట్టిన ఆ మనుషులే పావుగంటలో పట్టిక మార్చడానికి ఒప్పుకున్నారు. ఒక్కరికీ సందేహం రాలేదు. నన్నెవరూ తప్పుపట్టలేదు. వాళ్ళ మీద నాకున్న వెటకారమంతా ఆ పావుగంటలో పోయింది. టాలిన్ ఇంజినీరు వెంటనే పనిలోకి దిగాడు. టురిన్ నర్సు ఒక్కటే అడిగింది, మరి మీ వాళ్ళను ఎలా అడగాలి అని.

ఆ సంగతి చెప్పగలవాడు పైన ఉన్నాడు. పరుగెత్తుకెళ్ళి అడిగాను, మిల్లులో బస్తా మోసినప్పటి ఆయాసానికీ ఇప్పటిదానికీ తేడా ఏమిటని. మావయ్య చువ్వల్లోంచి వాన వైపు చూశాడు. మిల్లు గేటూ, రేవూ ఆ వానలోనే ఎక్కడో ఆయనకు కనపడుతున్నట్టున్నాయి.

"అది కూకుంటే పోతాది," అన్నాడు ఆగి ఆగి. "ఇది కూకున్నా పోదు."

కూకున్నా ఆయాసమేనా అన్నది కొత్త ప్రశ్న అయింది. పదకొండు ఇళ్ళకూ ఫోన్ చేశాను. ఆరు ఇళ్ళలో అవునన్నారు. నిమిషానికి ఎన్ని ఊపిర్లో ఇంట్లో వాళ్ళ చేత లెక్కపెట్టించాను. తన్లిన్‌లో సూరమ్మ అనే ముసలావిడకు నలభైనాలుగు. ఆవిడ కోడలు వీరలక్ష్మి లెక్కపెడుతూ మధ్యలో ఏడ్చేసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. అంకెలు ఎక్కించగానే తెర మీద వరస సర్దుకుంది. సూరమ్మ మొదట, మావయ్య రెండోవాడు.

అయితే ఒకసారి కేటాయించిన మిషను దానంతటది మారదు. పట్టిక చూసుకునే మనిషే మార్చాలి, అంటే నేనే. ఆ రామలింగం మా మావయ్యేనని ఆ నలుగురికీ తెలియదు. నేనూ చెప్పలేదు. ఈ ఒక్కటీ మీ ఇష్టం అన్నాడు లిస్బన్ డాక్టరు. సూరమ్మ పేరు నొక్కాను. ముప్పైరెండు కంటే నలభైనాలుగు ఎక్కువ, అంతే.

మిషను ఇవాళ తన్లిన్ వెళుతోందనీ, మనకు రేపనీ మావయ్యకు చెప్పాను.

"రేపొస్తాది గదా. తొందరేటి."

లాంచీలో వాళ్ళు దిగారా అని అడిగాడు. దిగారన్నాను. పడుకోలేకపోతున్నాడని ఆయన వీపుకు నా వీపు ఆనించి కూర్చున్నాను. ఆయన ఊపిరి తీసినప్పుడల్లా నేనూ ఊగుతుంటే, గది నీళ్ళ మీదే ఉందని నాకూ నమ్మకం కుదిరింది. పైకప్పు మీద వాన, కింద ఎవరో తెడ్డు వేస్తున్నట్టు చప్పుడు. ఆ సాయంత్రం ఎప్పటికీ అయిపోకూడదనుకున్నాను.

తెల్లవారి ఆరింటికి మావయ్య వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం మూడింటికి మిషను వచ్చింది. దాన్ని తెచ్చిన టాక్సీ డ్రైవరు ఊ టిన్‌ను గుమ్మంలోనే ఆపి, మూడో పేరున్న ఇంటి చిరునామా రాసిచ్చాను. అప్పుడు వచ్చింది నాకు కోపం. సైన్యం మీద, వాన మీద, వెనక ఎండ ఉన్న ఆ కిటికీల మీద, అన్నిటికంటే నా తెలుగు మీద. అది ఇంకా తగ్గలేదు. తగ్గాలని నేనూ కోరుకోవడం లేదు.

పదో రోజున తన్లిన్ నుంచి వీరలక్ష్మి ఫోన్ చేసింది. సూరమ్మ లేచి కూర్చుని పెరుగన్నం తిన్నదట. ఉప్పు చాలలేదని కోడల్ని సాధించిందట. చెబుతూ ఆ పిల్ల నవ్వింది, నేనూ నవ్వాను. పెట్టేసే ముందు, మన వాళ్ళు ఎవరైనా అడిగే మాటే అడిగింది.

"మీ ఇంటికాడ అందరూ బాగున్నారా, అక్కా?"

బాగున్నారని చెప్పాను.