గాలికి ఎదురు నాటిన చెట్లు

ఇంకొక్క గోనెసంచి ఉంటే మల్లెపందిరికి పడమటి పక్క కూడా కప్పేయవచ్చు, అటక మీద ఒకటి ఉండాలి, ఉండేది, సొన్నమ్మ సుగటూరు పోయేటప్పుడు రెండు చీరలూ ఒక చెంబూ దాంట్లోనే వేసుకుని పోయింది కదా, పెళ్లాం అలిగి పుట్టింటికి పోవడమే తలవంపులు, అందులోనూ గోనెసంచి పట్టుకునా అని ఆ రోజు అనుకున్న మాటే ఓబలప్ప మళ్లీ అనుకున్నాడు, అనుకుంటూ మెడ ఎత్తి చూస్తే మారికుప్పం వైపు మబ్బు కాటుకలా కమ్ముకుని ఉంది, దాని కింద సైనైడు దిబ్బ, బంగారమంతా పిండేసుకున్నాక మిగిలిన రాతిపొడి కుప్ప, ఎన్నడూ లేనంత తెల్లగా కనబడుతోంది, ఆకు కదలడం లేదు, ఇట్లా గాలి ఊపిరి బిగబట్టిన మధ్యాహ్నాలే వడగండ్లు కురుస్తాయి, కురవనీ, మనుషుల నెత్తిన కురిస్తే కురవనీ, ఈ నాలుగు చెట్ల మీద మాత్రం వద్దు, మల్లె మొగ్గ మీద ఉంది, కనకాంబరం విరగబూసింది, పన్నీరు గులాబీ మనిషెత్తు లేచింది, ఇవన్నీ ఇట్లా ఉన్నంతవరకే ఆమె తిరిగి వస్తుందని ఒక ఆశ, ఇవి కాస్తా పోయాయంటే గనివాళ్లకు కంపెనీ వరసగా కట్టించిన ఈ లైను ఇంటికి సొన్నమ్మ రావడానికి ఇంకేముంది, తానున్నాడా, ఉన్నాడు, ఉన్నా పోయింది కదా.

ఆ తలపును అక్కడే వదిలి పని అందుకున్నాడు, పని చేతిలో ఉంటే ఓబలప్ప మారాజు, గనిలో టింబరు పని ఆయనది, రాయి తవ్వేసిన చోట పైకప్పు మీద పడకుండా దుంగలు నిలబెట్టి, సందుల్లో చెక్కచీలలు కొట్టి బిగించే పని, ఓబలప్ప బిగిస్తే ఇంగ కొండ కూడా కదలదప్పా అని షిఫ్టు బాసు పదిమందిలో అన్నాడు ఒకసారి, ఆ మాట సొన్నమ్మకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు, ఆమె ఊఁ కొట్టేది, ఊఁ కొడుతూ చెట్లకు కట్లు కట్టేది, కట్లా అవి, పాత చీర అంచులు చింపి కర్రకూ కొమ్మకూ మధ్య వదులుగా మెలిపెట్టి వేసేది, మే, ఇది కట్టడమా ఉయ్యాల వేయడమా అని ఎగతాళి చేస్తే నవ్వేది గాని బిగించేది కాదు, ఆమె పోయిన మర్నాడే ఆ ఉయ్యాలలన్నీ ఊడబీకి, నీలగిరి కర్రలు లోతుగా పాతి, కొబ్బరితాటితో బిర్రుగా కట్టి, అక్కడక్కడ చీలలు కూడా దిగగొట్టాడు, ఇప్పుడు గులాబీని పట్టి ఊపి చూస్తే కర్రా చెట్టూ ఒకటే, ఒక్క ఆకు తప్ప ఏమీ ఊగదు, వచ్చి చూడాలి ఆమె, చూసి ఏమంటుందో, ఏమీ అనదు, ఊఁ అంటుంది, ఆ ఊఁ కోసం ఎంత ఆశగా ఉందో చెబితే లైనులో మగవాళ్లు నవ్విపోతారు.

కనకాంబరం మొక్కల మీద వెదురుబుట్టలు బోర్లించి, ఎగిరిపోకుండా రాళ్లు పెడుతుంటే పాత కోపం పైకి వచ్చింది, ఈ మనిషి చెట్లను తెచ్చి తెచ్చి ఇక్కడే ఎందుకు పెట్టాలి, పెరట్లో గోడ చాటు ఉంది, నీళ్ల కొళాయి ఉంది, ఎంత గాలి కొట్టినా అక్కడ దీపం ఆరదు, అది వదిలేసి వీధివైపు మూలన, రెండు లైన్ల సందులోంచి గాలి దూసుకొచ్చే చోట, దిబ్బ మీది దుమ్మంతా ఎగిరొచ్చి ఆకుల మీద పేరుకునే చోట, ఏటేటా వేసవి గాలికి సగం పోతాయి, మళ్లీ నాటుతుంది, పెరట్లో పెట్టుకోమే అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, ఈడనే బాగుండాది లే అంటుంది, ఏం బాగుందో చెప్పదు, పిల్లల్లేని తల్లి, చెట్లను చూసుకుని మురుస్తా ఉండాది, ఏమనకన్నా అని పక్కింటి మారమ్మ అంటే, కాబోలు అనుకుని ఊరుకున్నాడు, ఊరుకున్నాడు గాని లోపల ఒక ముల్లు అట్లాగే ఉంది, పిల్లలు పుట్టకపోయినా మొగుడు ఒకడు ఉన్నాడు కదా, వాణ్ని చూసుకుని మురవకూడదా, చెట్లంటే ఉన్న ప్రాణంలో పావువంతు తన మీద ఉన్నా చాలునని ఒక మగవాడు పైకి ఎట్లా చెప్పుకుంటాడు.

గని మూసి ఏడాది దాటింది, మూశారని అందరూ అంటారు, మళ్లీ తెరుస్తారని ఆవులప్ప అంటాడు, ఆవులప్ప తనతో పాటు కేజులో, మనుషుల్ని పాతాళానికి దించే ఆ ఇనుప బోనులో, ముప్పై ఏళ్లు ఎక్కీదిగినవాడు, ఇద్దరూ పొద్దున్నే చద్ది తిని గనిలోకి దిగే షాఫ్టు గేటు దగ్గరికి పోతారు, తాళం అట్లాగే ఉంటుంది, రాలిన చింతాకు మీద కూర్చుని ఏ కంపెనీ వస్తుందో, ఎవరిని పనిలోకి తీసుకుంటారో మాట్లాడుకుని సైరను మోగే వేళకు, మోగని సైరను వేళకు, ఇండ్లకు వస్తారు, శివరాత్రికి ముందు ఒక రోజు అట్లాగే వస్తే సొన్నమ్మ గడపలో నిలబడి ఉంది, మా తమ్ముడు ఊర్లో జాగా ఇస్తానంటా ఉండాడు, రెండు అంకణాల ఇల్లు ఏసుకుందాం, నాతో రా అంది, గని తెరిస్తే ఎవరుంటారే ఈడ అన్నాడు తను, తెరిస్తే తెరవనీ, నువ్వు రా అంది, ఆమె ఎప్పుడూ ఒక మాట రెండుసార్లు చెప్పే మనిషి కాదు, ఆ రోజు చెప్పింది, తనకు ఏం తోచిందో, మరి నీ చెట్లో, వాటిని యాడ పెడతావు అని గెలిచినవాడిలా అడిగాడు, ఆమె మూలవైపు చూసింది, చాలాసేపు చూసింది, చెట్లు చెట్లే లే, ఉంటే ఉంటాయి పోతే పోతాయి అంది, మర్నాడు పొద్దున గోనెసంచి పట్టుకుని బస్సెక్కింది, నోటితో అట్లా అన్నా ఆ చూపులో ప్రాణమంతా ఉంది, ఆ చూపు పట్టుకునే ఇన్నాళ్లూ బతుకుతున్నాడు, బామ్మరిది చిన్నవెంకటప్ప టమాటా గంపలతో రాబర్ట్‌సన్‌పేట సంతకు వచ్చినప్పుడల్లా ఎదురుపోయి, మల్లె చిగురేసిందని చెప్పు, గులాబీ నా ఎత్తు వచ్చిందని చెప్పు అని చెప్పి పంపుతాడు, వాడు మళ్లీ వచ్చినప్పుడు ఏమనింది అని ఆత్రంగా అడిగితే, ఏమీ అనలేదు బావా, నువ్వు తింటా ఉండావా అని అడిగింది, అంతే అంటాడు, చెట్ల గురించిరా అంటే, అడగలేదు, మరిచిపోయిందేమో అంటాడు, మరిచిపోవడమా, సొన్నమ్మ చెట్లను మరిచిపోవడమా, వీడికి సరిగ్గా చెప్పడం చేతకాదు.

అప్పుడు వచ్చింది గాలి, వస్తున్నట్టు కూడా చెప్పకుండా, దిబ్బ మీది తెల్లపొడి లేచి లైనంతా కమ్మేసింది, కళ్లలో పడింది, పళ్ల కింద కరకరలాడింది, మారమ్మ ఇంటి రేకు ఒకటి దబదబ కొట్టుకుంటోంది, ఓబలప్పన్నా, లోపలికి రా, పిడుగులు పడేట్టు ఉండాయి అని ఆమె తలుపు సందులోంచి కేక వేసింది, వస్తా వస్తా అంటూనే పందిరి గుంజను రెండు చేతులా పట్టుకున్నాడు, కింద ముప్పై ఏళ్లు గాలి అన్నది ఎరగడు, అక్కడ వాన లేదు, ఎండ లేదు, పైన తుఫాను వచ్చిపోయినా ఇంటికి వచ్చి తడిసిన నేల చూసి తెలుసుకునేవాడు, ఉరిమింది, రేకులు వణికాయి, ఆ ఉరుముకు కాళ్లు వాటంతట అవే గేటు వైపు రెండడుగులు వేశాయి, అలవాటు, కింద కొండ బరువుకు రాయి పేలినప్పుడు ఇట్లాగే మోగేది, ఇండ్లలో గిన్నెలు కదిలేవి, పొయ్యి మీది కూడు పొయ్యి మీదే వదిలి లైన్లలో ఆడవాళ్లంతా షాఫ్టు గేటుకు పరుగెత్తేవాళ్లు, ఆ పెద్ద పేలుడు రోజున, మారమ్మ మొగుడు పోయిన రోజున, తాను పైకి వచ్చేసరికి గేటు దగ్గర ఇసుక వేస్తే రాలదు, ఒక్కొక్కడు కేజు దిగడం, ఒక్కొక్కతె మొగుణ్ని వాటేసుకుని ఏడవడం, తాను దుమ్ము కళ్లతో ఆ మొహాలన్నీ వెతికాడు, సొన్నమ్మ లేదు, నడుచుకుంటూ ఇంటికి వస్తే ఈ మూలన, ఈ చెట్ల మధ్య, మోచేతుల దాకా మట్టి పూసుకుని కూర్చుని ఉంది, వచ్చినావా, నీళ్లు కాగినాయి అంది, అంతే అంది, ఆ రోజు చచ్చిపోయినా బాగుండేదని అనిపించింది, మొగుడు ఉన్నాడో పోయాడో తెలియని వేళ చెట్లకు పాదులు తవ్వుకుంటూ కూర్చున్న మనిషి, ఆ సంగతి ఆమెను ఏనాడూ అడగలేదు, కడుపులో పెట్టుకుని ఇన్నేళ్లూ మోశాడు, ఇప్పుడు తలుచుకున్నా కళ్లు మండుతున్నాయి, దుమ్ము వల్ల కాదు.

ఫట్‌మని ఒక చప్పుడు, ఉరుము కాదు, పక్కనే, తిరిగి చూస్తే గులాబీ, తాను బిగించిన కట్టుకు సరిగ్గా పైన విరిగి తలకిందులుగా వేలాడుతోంది, కర్ర చెక్కుచెదరలేదు, కట్టు చెక్కుచెదరలేదు, చెట్టే పోయింది, ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు, తర్వాత అయింది, రాయి కదలకూడదు, చెట్టు కదలాలి, ఉయ్యాల వేయడమా అని ఎగతాళి చేశావు కదరా, అది ఉయ్యాలే, అయ్యో సొన్నమ్మా అనుకుంటూ మిగిలిన కట్లు విప్పడానికి ఉరికాడు, బిగుసుకున్న ముడులు రావు, పళ్లతో లాగాడు, వడగండ్లు మొదలయ్యాయి, గోలీల్లా వీపున, నెత్తిన, మల్లె గుంజల కట్లు పందిరి కిందనుంచి విప్పాలి, నిలబడితే తల ఆకుల్లో ఇరుక్కుంటుంది, ఎప్పుడూ బయట నిలబడే నీళ్లు పోస్తాడు, ఆ కట్లు కూడా గోనెసంచులు కప్పకముందు బయటినుంచే వేశాడు, ఈ పందిరి కిందికి ఎన్నడూ దూరింది లేదు, వంగి దూరి, చెయ్యి తడిమితే ఒక రాయి, కూర్చోవడానికి పెట్టుకున్న రాయి, కూర్చుని కూర్చుని పైన నున్నగా అరిగిన రాయి, దాని మీద కూలబడి ముడి విప్పుతూ తల ఎత్తాడు, ఆకాశం మెరిసింది, పందిరి అంచు కింద, రెండు లైన్ల సందులోంచి, ఎదురుగా, షాఫ్టు మీది పెద్ద చక్రం.

మొత్తం చక్రం, ఒక్క ఆకు అడ్డం లేకుండా, గడపలో నిలబడితే కనబడదు, వీధిలోంచి కనబడదు, అన్ని చోట్లా ఇండ్ల కప్పులే అడ్డం, పెరట్లో ఉన్నది గోడ, ఈ రాయి మీద కూర్చుంటేనే, కేజును పైకి లాగే తాడు ఆ చక్రం మీదుగానే పోతుంది, చక్రం తిరిగితే మనుషులు పైకి వస్తున్నట్టు, ఈడనే బాగుండాది లే అంది, ముప్పై ఏళ్లు అంది, షిఫ్టు దిగి ఏ వేళకు ఇల్లు చేరినా నీళ్లు కాగి సిద్ధంగా ఉండేవి, ఒకరోజు తొందరగా వచ్చినా, ఒకరోజు ఆలస్యమైనా, ఆ నీళ్లు చల్లారి ఎరగవు, ఎట్లా అని ఒక్కనాడైనా అడిగావా ఓబలప్పా, పెళ్లాం చేతి నీళ్లు వేడిగా ఉండకేమవుతాయి అనుకున్నావు, ఆ పేలుడు రోజున అందరూ గేటుకు పరుగెత్తితే ఆమె ఇక్కడ, ఆగిపోయిన చక్రాన్ని చూస్తూ, చేతులు ఏం చేస్తున్నాయో తెలియక మట్టిని తవ్వుతూ, తవ్వుతూ, అది తిరగడం మొదలయ్యాక గాని పొయ్యి రాజేయడానికి లేచి ఉండదు, రాజేసి మళ్లీ ఇక్కడికే వచ్చి ఉంటుంది, చెట్లు ఆమెకు చాటు, ఊరికే కూర్చుంటే లైను నవ్వుతుంది, చెట్ల పని చేసుకుంటున్నదంటే ఎవరేమంటారు, ఆ రోజు బస్సెక్కే ముందు మూలవైపు చూసిన చూపు గులాబీ మీదిది కాదు, ఈ రాయి మీదిది, గోనెసంచులూ బుట్టలూ చీలలూ, ఏం కాపాడావురా, ఎవరి కోసం కాపాడావు, ఏడుపు వచ్చింది, వడగండ్ల చప్పుడులో ఎవరికీ వినబడదు కనుక పెద్దగానే ఏడ్చాడు, ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడవాలని ఉంది, ఆమె సుగటూరులో ఉంది, చక్రం వానలో నిలువునా తడుస్తూ కదలకుండా ఉంది, అది ఇంక తిరగదు, ఆవులప్పకు తెలుసో లేదో, తనకు ఇప్పుడు తెలిసింది, అది ఆగిన రోజున ఆమె ఎదురుచూపు తీరి ఉండాలి, మనిషి ఇంటికి వచ్చేశాడు, ఇంక ఏ పొద్దూ దిగడు అని, కాని ఆ మనిషి మర్నాడు పొద్దున్నే చద్ది తిని మళ్లీ ఆ గేటుకే పోయాడు, ఆ మర్నాడూ పోయాడు, ఏడాదంతా పోయాడు, ఆమె చూసి చూసి, ఎన్నడూ రెండుసార్లు చెప్పని మాట రెండుసార్లు చెప్పి పోయింది, తాను ఆమె పిలిచిన పిలుపుకు పోకుండా ఇక్కడ కూర్చుని చెట్లను చూపించి ఆమెను రప్పించాలనుకుంటున్నాడు, ఆమె అడిగింది చెట్లను కాదు, ఇన్నేళ్లలో ఆమె అడిగింది ఒక్కటే, పైకి రమ్మని, గనిలో ఉన్నవాళ్లంతా పైకి వచ్చి ఏడాదైంది, తానొక్కడే ఇంకా రాలేదు.