అక్క ఇంటి ముందు సిగ్నల్

మా అక్క ఇల్లు రోడ్డుకు అవతల. మా బాల్కనీలో నిలబడితే ఆమె ఆరేసిన దుప్పటి కనబడుతుంది. అయినా ఆ రోడ్డు దాటాలంటే నాకు ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నట్టే ఉంటుంది. వెళ్లొస్తానని గడప దాటి, మళ్లీ రాని వాళ్లను నేను చూశాను. అందుకే స్తంభానికున్న బటన్ నొక్కి, పచ్చటి మనిషి బొమ్మ వెలిగేదాకా కదలను.

ఇప్పుడా బటనే తీసేస్తారట.

చెప్పింది నా మనవరాలే. ఆ రోడ్డు మీది మూడు సిగ్నళ్లను జతకలిపి నడిపే పని ఆమెది. మొదటి సిగ్నల్ దగ్గర కదిలిన బండ్లకు తరవాతి రెండు చోట్లా పచ్చలైటే ఎదురవ్వాలి. ఆ లెక్కను ప్రోగ్రాంగా రాసి, స్తంభం పక్కనున్న కంట్రోలర్ పెట్టెలోకి ఎక్కిస్తుంది. తెల్లవారాక కాసేపు అంతా సాఫీగా నడుస్తుంది. ఆ తరవాత మధ్య సిగ్నల్ వెనకబడిపోయి బండ్లు బారులు తీరుతున్నాయి. అక్క ఇంటి ముందున్నది అదే.

"శుక్రవారం లోపల సరిచెయ్యకపోతే బటన్ పీకేస్తానంటున్నాడు మా సారు. జనం పైవంతెన ఎక్కి దాటాలట."

"ఆ మెట్లెక్కితే నేను అటునుంచటే పైకి పోతా."

"జోకులెయ్యకు అమ్మమ్మా. అసలే బుర్ర పనిచెయ్యట్లేదు."

ఆదివారం మధ్యాహ్నం ఆమె కంట్రోలర్ ఒకటి ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద చిన్న చిన్న బల్బులు తగిలించింది. "రా, కార్ల సంగతి నేను చూసుకుంటా. నువ్వు జనం," అని నా చేతికి బటన్ ఇచ్చింది.

నొక్కాను. పచ్చ బల్బు వెలగలేదు. మళ్లీ నొక్కాను. ఇంకోసారి.

"ఒక్కసారి చాలమ్మా. దానికి వినబడింది."

"విన్నట్టు నాకెవరు చెప్పారు?" అని మళ్లీ నొక్కాను.

ఆమె లాప్‌టాప్ వైపు వంగింది. "ఆగు. ఇప్పుడు నొక్కు. మళ్లీ." ఇటు తిరిగి నవ్వడం మొదలుపెట్టింది. "నువ్వు నొక్కినప్పుడల్లా ఇది ఆగాల్సిన టైమును మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతోంది. అందుకే మిగతా రెండింటి కంటే వెనకబడుతోంది. ఆఫీసులో మేమంతా బుద్ధిగా ఒక్కసారి నొక్కి చేతులు కట్టుకుని నిలబడ్డాం."

"రోడ్డు మీద?"

"అందరూ నీలాంటి కంగారు మనుషులే."

మొదటి నొక్కును గుర్తుంచుకుని, మిగతావి పట్టించుకోకుండా, మూడు సిగ్నళ్ల వరస చెడకుండా జనానికి వంతు ఇచ్చేలా ఆమె ప్రోగ్రాం మార్చింది. బటన్ పక్కనే ఒక చిన్న దీపం కూడా పెట్టించింది. నొక్కగానే అది వెలుగుతుంది. "విన్నట్టు చెప్పడానికి," అంది.

శుక్రవారం పొద్దున, రద్దీ బాగా పెరిగాక వెళ్లాను. వాళ్ల సారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బటన్ నొక్కాను. దీపం వెలిగింది. అయినా మనసాగక ఇంకో నాలుగుసార్లు నొక్కాను.

"ఎవరండీ ఆ పెద్దావిడ, అలా నొక్కుతూనే ఉంది?"

"మా టెస్టింగ్ డిపార్ట్‌మెంట్ సార్," అంది మనవరాలు.

పచ్చబొమ్మ వెలిగింది. దాటాను. నా వెనక బండ్లు గుంపుగా కదిలి, తరవాతి సిగ్నల్ దగ్గర ఆగకుండా సాగిపోయాయి. సారు ఆ వైపే చూస్తూ, "బటన్ ఉండనివ్వండి," అన్నాడు.

సాయంత్రం అక్క నాతో స్తంభం దాకా వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ ఈ రోడ్డు దాటలేదు. దీపం వెలగడం వంగి చూసింది.

"వెళ్లొస్తానక్కా," అన్నాను.

"రేపు నువ్వు రాకు. నేనే వస్తా," అంటూ అక్క బటన్ ఇంకోసారి నొక్కింది.